పేరు తెలిసేసరికే ఏడాది పోతోంది

కండల్ని ఆడించే నరకణాలు చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్నవాళ్ళ కుటుంబాలతో గుంటూరులో ఒక న్యూరాలజిస్టు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినవి.

అందరికీ నమస్కారం. వీల్‌చైర్లలో ఉన్నవాళ్ళని కాస్త ముందుకు తీసుకురండమ్మా. ఏసీ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా చూడండి. మధ్యలో చొంగ తుడవాలన్నా, చొంగ లాగే సక్షన్ మిషను పెట్టాలన్నా మొహమాటపడకండి. నేను ఆగుతాను. ఈ హాల్లో ఎవరూ దానికి తల తిప్పి చూడరు.

ముందు ఒక సంగతి. మన జబ్బుకి తెలుగులో పేరు లేదు. డాక్టర్లు ఎం.ఎన్.డి. అంటారు, అమెరికా వాళ్ళు ఏ.ఎల్.ఎస్. అంటారు. ఊళ్ళో అడిగితే "నరాల బలహీనత" అంటారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. నరాల బలహీనత అనగానే మన మనసులో మందు కూడా సిద్ధంగా ఉంటుంది. ఎర్రటి బి12 సూది, బలం టానిక్కు. ఆ సూదులు వేయించుకుంటూ మూడు నెలలు చూస్తాం. తర్వాత ఎముకల డాక్టరు. ఎమ్మారై తీస్తే యాభై దాటినవాడికి మెడ ఎముకల్లో ఏదో ఒక అరుగుదల కనిపించకుండా ఉంటుందా? కనిపిస్తుంది. కొందరికి మెడ ఆపరేషను కూడా అయిపోతుంది. చెయ్యి మాత్రం ఇంకా సన్నబడుతూనే ఉంటుంది. మొదటి లక్షణానికీ జబ్బు పేరు తెలియడానికీ మధ్య దాదాపు ఏడాది పోతోంది. ప్రపంచమంతా ఇదే వరస. మన దగ్గర ఇంకా ఎక్కువే పోతోందని నా అనుభవం.

నేను ఇవాళ ఏ కొత్త మందు గురించి చెప్పినా, ఏ మిషను గురించి చెప్పినా, తిరిగి తిరిగి ఈ ఏడాది దగ్గరికే వస్తాను. ఎందుకంటే ఈ జబ్బులో పనిచేసేది ఏదైనా ముందుగా మొదలుపెడితేనే పనిచేస్తోంది. నిన్న మొన్నటి జీన్ మందుల సంగతీ అదే.

ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. ఒకావిడ జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. ఒకాయనకి నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయేది, చెప్పులు మార్చాడు, మళ్ళీ జారింది. తాళంచెవి తిరగదు. ముగ్గు గీత సరిగా పడదు. మాట ముద్దగా వస్తే "తాగొచ్చాడు" అన్నారట ఒక పెద్దమనిషిని, ఆయన జన్మలో ముట్టినవాడు కాదు. బొటనవేలి మొదట్లో ఉండే ఉబ్బెత్తు కండ కరిగి గుంట పడుతుంది. భుజం మీద, తొడ మీద కండ చర్మం కింద పురుగు కదిలినట్టు తుళ్ళుతుంది. తిమ్మిరి ఉండదు, స్పర్శ పోదు. ఆ తేడా గుర్తుపెట్టుకోండి. చెయ్యి బలం తగ్గుతూ, కండ కరుగుతూ, తిమ్మిరి మాత్రం లేదంటే నరాల డాక్టరు దగ్గరికి ఆ వారమే వెళ్ళాలి. ఈఎంజీ అనే సూది పరీక్ష చేయించాలి. అయితే ఉత్తినే కండ అదిరిందని ఎవరూ హడలిపోకండి. నిద్ర తక్కువైనా, కాఫీ ఎక్కువైనా అదురుతుంది. బలం తగ్గకుండా కండ అదరడం ఒక్కటే ఉంటే అది ఈ జబ్బు కావడం చాలా అరుదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళయింది. పొన్నూరు వైపు నుంచి ఒక రిటైరైన ఆర్టీసీ కండక్టరుగారు వచ్చారు. గొంతుతోనే మొదలైంది ఆయనకి. పరీక్షలయ్యాక ఇద్దరు కొడుకులు నా గది బయట పట్టుకుని, "నాన్నకి చెప్పొద్దు డాక్టరుగారూ, తట్టుకోలేరు" అన్నారు. నేను సరేనన్నాను. "నరాల సమస్య, మందులు వాడదాం" అన్నాను. ఎనిమిది నెలల్లో ఆయన మాట పూర్తిగా పోయింది. ఆయన పలక మీద రాసి చూపించారు నాకు: "ముందే చెప్పి ఉంటే మనవరాలికి నా గొంతు దాచేవాణ్ణి." ముప్పయ్యేళ్ళు బస్సులో అరిచిన గొంతు. ఒక్క రికార్డింగు లేదు. ఆ రోజు నుంచి నేను రోగికే చెబుతున్నాను. నెమ్మదిగా, రెండు మూడు సార్లుగా, ఇంటివాళ్ళ ఎదుట, కానీ రోగికే చెబుతున్నాను.

సరే, జబ్బు సంగతి. మెదడు నుంచి వెన్నుపాముకి ఒక వరస నరకణాలు, వెన్నుపాము నుంచి కండకి ఇంకో వరస. ఈ రెండు వరసలూ చచ్చిపోతాయి. 1869లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని విడదీసి చూపించాడు. సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో రోగుల్ని బతికుండగా చూసి, పోయాక వాళ్ళ వెన్నుపాముని కోసి చూసి, రెండూ పోల్చాడు. ఆ తర్వాత వందేళ్ళకి పైగా కణం లోపల ఏం చెడుతోందో ఎవరికీ అందలేదు. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చచ్చిపోతున్న కణాల్లో ముద్దకట్టిన ప్రొటీను ఏదో పట్టుకున్నారు. టీడీపీ-43 దాని పేరు. ఏ.ఎల్.ఎస్. ఉన్నవాళ్ళలో నూటికి తొంభై ఐదుకి పైగా మందిలో ఇదే కనిపిస్తుంది. అది కణం నడిబొడ్డున, న్యూక్లియస్‌లో ఉండి జీన్ల నుంచి వచ్చే సందేశాలని సరిచూడాలి. అక్కణ్ణించి బయటికి వచ్చేసి ముద్దకడుతుంది. దాంతో సరిచూసేవాడు లేక నరానికి కావలసిన ప్రొటీన్లు తప్పుగా తయారవుతాయి. స్టాథ్మిన్-2, అంక్-13ఏ అని రెండు ఉన్నాయి. ఆ తప్పుని దిద్దే మందుల మీద ఇప్పుడు పని గట్టిగా నడుస్తోంది. నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది వాటి మీదే, ఎందుకంటే అవి ఏ కొద్దిమందికో కాక దాదాపు అందరికీ వర్తించే దారి.

అంకెలు కొన్ని చెబుతాను. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా అరవై చుట్టుపక్కల మొదలవుతుంది, మొదలయ్యాక రెండు నుంచి అయిదేళ్ళు అంటారు. మన దేశంలో లెక్క వేరు. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి వాళ్ళు ముప్పయ్యేళ్ళలో చూసిన 1,153 మంది వివరాలు 2008లో అచ్చువేశారు. మొదలైన వయసు సగటున 46. అంటే పిల్లల చదువులు, ఇంటి అప్పు మధ్యలో ఉండగా. బతికిన కాలం మాత్రం చాలా ఎక్కువ, సగటు తొమ్మిదేళ్ళ పైమాటే. ఆ అంకెని నేను కొంచెం పట్టిపట్టి చూస్తాను. నెమ్మదిగా నడిచే జబ్బు ఉన్నవాళ్ళే పెద్దాసుపత్రి దాకా మళ్ళీ మళ్ళీ రాగలుగుతారు. అయినా పడమటి దేశాల అంకెల్ని తెచ్చి మన రోగి మొహం మీద కొట్టడం తప్పు.

దక్షిణాదిలో ఇంకో చిత్రం ఉంది. మద్రాసు మోటార్ న్యూరాన్ జబ్బు అని 1970లో మద్రాసు డాక్టర్లు రాశారు. చిన్న వయసులో మొదలై, వినికిడి తగ్గి, మొహం కండలు సన్నబడి, చాలా ఏళ్ళు నెమ్మదిగా సాగే రకం. మన తెలుగువాళ్ళలోనూ చూస్తాం. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఒక్క చెయ్యి మాత్రం ముంజేతి దాకా సన్నబడి వచ్చాడనుకోండి, అది హిరయామా జబ్బు కావచ్చు. నిమ్హాన్స్‌లో గౌరీదేవి గారు 1984లో మోనోమెలిక్ అమయోట్రఫీ అని దానికి పేరు పెట్టారు. అది కొన్నేళ్ళు పెరిగి దానంతట అదే ఆగిపోతుంది. ఆ కుర్రాడికి ఏ.ఎల్.ఎస్. అని చెప్పి పంపేస్తే ఎంత అన్యాయం! తొందరగా పేరు పెట్టాలని ఇందాక అన్నాను. సరైన పేరు పెట్టాలి.

ఇప్పుడు మందులు. రిలుజోల్. 1995 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. పొద్దున యాభై మిల్లీగ్రాములు, రాత్రి యాభై. ట్రయల్, అంటే రోగుల మీద మందుని పరీక్షించి చూసిన లెక్క ప్రకారం రెండు మూడు నెలలు ఆయుష్షు పెంచుతుంది. "ఇంతేనా?" అంటారు. ఇంతే. కానీ మన దగ్గర జనరిక్ దొరుకుతుంది, లివర్ పరీక్ష మొదట్లో నెలనెలా చేయిస్తే చాలు. వేసుకోండి.

ఎడరవోన్. జపాన్‌లో 2015, అమెరికాలో 2017. పధ్నాలుగు రోజులు సెలైన్‌లో ఎక్కించి, పధ్నాలుగు రోజులు ఆపి, ఆ తర్వాత ప్రతి నెలా పది రోజులు. అనుమతి తెచ్చిన ట్రయల్‌లో 137 మంది, అందరూ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళే. 2022లో జర్మనీ వాళ్ళు పన్నెండు ఆసుపత్రుల రోగుల్ని కలిపి చూస్తే లాభం కనిపించలేదు. యూరప్‌లో నోటి మందుగా చేసిన పెద్ద ట్రయల్ కూడా 2024 మొదట్లో ఫెయిలైంది. పొలం అమ్మి ఈ సెలైన్లు ఎక్కించుకుంటున్న కుటుంబాలు నాకు తెలుసు. నా మాట ఇది: ఆ డబ్బు మాస్కు మిషనుకీ, ఇంట్లో ఒక ఆయాకీ పెట్టండి.

మూడోది, ఇప్పుడు లేని మందు. దాని కథ కాస్త చెప్పనివ్వండి. ఫినైల్‌బ్యుటిరేట్, టౌరర్సోడయాల్ అని రెండు పదార్థాలు కలిపి ఒక పొడి చేశారు. చిన్న ట్రయల్‌లో, ఇందులోనూ 137 మందే, జబ్బు నెమ్మదించినట్టు కనిపించింది. రోగులు, కుటుంబాలు ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. వాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళ దగ్గర లేనిది సమయం. 2022 సెప్టెంబరులో రిలివ్రియో పేరుతో అమెరికాలో అనుమతి వచ్చింది. ధర ఏడాదికి 1,58,000 డాలర్లు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల కోసం అడిగేవాళ్ళు, ఎలా తెప్పించాలి డాక్టరుగారూ అని. అనుమతి ఇచ్చేటప్పుడు కంపెనీ ఒక మాట ఇచ్చింది, పెద్ద ట్రయల్ ఫెయిలైతే వెనక్కి తీసుకుంటామని. 664 మందితో ఆ ట్రయల్ జరిగింది. 2024 మార్చిలో ఫలితం వచ్చింది. ఉత్తి పొడి తాగినవాళ్ళకీ మందు తాగినవాళ్ళకీ తేడా లేదు. ఏప్రిల్‌లో మందుని బజారు నుంచి తీసేశారు. మాట నిలబెట్టుకున్నారు, అది అరుదు. నూట ముప్పయ్యేడు మందిలో కనిపించింది ఆరువందల అరవై నలుగురిలో కనిపించకుండా పోవచ్చని ఈ కథ వల్ల తెలిసింది. ఈసారి ఎవరైనా "పదిమంది రోగులకి నయమైంది" అని వీడియో పంపితే ఈ పొడి గుర్తు తెచ్చుకోండి.

నాలుగోది టోఫర్సెన్. ఇది అర్థం కావాలంటే సాడ్-1 అనే జీన్ గురించి చెప్పాలి. ఏ.ఎల్.ఎస్. నూటికి పదిమందికి వంశంలో వస్తుంది. 1993లో దొరికిన మొదటి జీన్ ఈ సాడ్-1. మొత్తం రోగుల్లో నూటికి ఇద్దరికి ఇది కారణం. తెల్లవాళ్ళ కుటుంబాల్లో సి9 అనే ఇంకో జీన్ ఎక్కువ, దాని మీదే పరిశోధన చాలా జరిగింది. ఆసియా కుటుంబాల్లో సి9 బాగా తక్కువ, సాడ్-1 ఎక్కువ. కాబట్టి ఈ మందు మనకి దూరపు ముచ్చట కాదు.

పనితీరు చెబుతాను. తహసీల్దారు ఆఫీసులో ఒక తప్పుడు ఉత్తర్వు తయారైందనుకోండి. రికార్డుని మార్చలేం. కానీ ఉత్తర్వు ఊరికి చేరకముందే దారిలో పట్టుకుని చింపేయొచ్చు. జీన్ రికార్డు, ఆర్.ఎన్.ఏ. ఉత్తర్వు. టోఫర్సెన్ ఆ ఉత్తర్వుకి అతుక్కుని దాన్ని చింపేలా చేస్తుంది. విషపు ప్రొటీను తయారీ తగ్గుతుంది. నడుములో సూది గుచ్చి వెన్నునీటిలోకి ఎక్కిస్తారు. మొదట రెండు వారాలకొకటి చొప్పున మూడు, తర్వాత నాలుగు వారాలకొకటి.

108 మందితో 28 వారాల ట్రయల్ చేస్తే, నిజం చెప్పాలంటే ఫెయిలైంది. నడక, మాట, తిండి వీటిని కొలిచే 48 మార్కుల పట్టికలో స్పష్టమైన తేడా రాలేదు. కానీ రక్తంలో న్యూరోఫిలమెంట్ అనే పదార్థం ఉంటుంది. నరం విరిగినప్పుడు రక్తంలోకి రాలే పొట్టు లాంటిది. ఎంత ఎక్కువుంటే నరాలు అంత వేగంగా విరుగుతున్నట్టు. మందు తీసుకున్నవాళ్ళలో అది సగానికి పైగా పడిపోయింది. ట్రయల్ అయ్యాక అందరికీ అసలు మందే ఇచ్చి ఏడాది పూర్తయ్యేదాకా చూశారు. మొదటి నుంచి తీసుకున్నవాళ్ళు, ఆరు నెలలు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారు. ఆ ఆరు నెలల ఆలస్యాన్ని తర్వాత పూడ్చలేకపోయారు. 2023 ఏప్రిల్‌లో అమెరికా, ఆ రక్తపరీక్షని ఆధారం చేసుకుని అనుమతి ఇచ్చింది. 2024లో యూరప్ ఇచ్చింది. కొంతమందిలో జబ్బు ఆగింది, కొద్దిమందిలో పోయిన బలం కొంత వెనక్కి వచ్చింది. ఈ వృత్తిలో చేరిన రోజున, పోయిన బలం వెనక్కి వస్తుందని ఎవరన్నా అంటే నేను నమ్మేదాన్ని కాదు.

ఇంకో జీన్ ఉంది, ఫస్ అని. పదిహేను ఇరవై ఏళ్ళ పిల్లలకి కూడా వస్తుంది, కొందరిని నెలల్లో తీసుకుపోతుంది. దానికీ ఇలాంటి ఉత్తర్వు చింపే మందు న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు పన్నెండు మందికి ఇచ్చి 2025లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఒక అమ్మాయి వెంటిలేటర్ నుంచి బయటపడి, తిరిగి సొంతంగా నడిచింది. అందరికీ అలా జరగలేదు. చాలామంది పోయారు, వాళ్ళకి మందు అందేసరికే ఆలస్యమైంది.

బి12 సూది గురించి అడుగుతారని తెలుసు. జపాన్ 2024 సెప్టెంబరులో మిథైల్‌కోబాలమిన్‌ని ఏ.ఎల్.ఎస్. మందుగా అనుమతించింది. అంటే మన ఎర్రసూదేనా? పదార్థం అదే. మోతాదు అది కాదు. వాళ్ళది ఒక్కసారికి యాభై మిల్లీగ్రాములు, వారానికి రెండుసార్లు. మన మెడికల్ షాపు మాత్రలో ఉండేది ఒకటిన్నర మిల్లీగ్రాము. దాదాపు ముప్పై మూడు రెట్ల తేడా. పైగా ఆ ట్రయల్‌లో 130 మందినీ లక్షణాలు మొదలైన ఏడాదిలోపే చేర్చుకున్నారు. మళ్ళీ ఏడాది! పాతబడిన జబ్బులో పనిచేస్తుందని ఎవరూ చూపలేదు. మాత్రలు పది పది మింగకండి.

సభలో ఒకరు: మేడం, స్టెమ్ సెల్స్ (మూలకణాలు) చేయించమంటున్నారు, ఆరు లక్షలట.

చేయించకండి బాబూ. ఒక్క మాటలో అంతే. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకి స్టెమ్ సెల్స్ అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదు. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడిగారంటే అది ట్రయల్ కాదు. ఈ పరీక్ష ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అమెరికాలో ఒక స్టెమ్ సెల్ మందు పద్ధతిగా ట్రయల్ చేసి అనుమతికి వస్తే, 2023లో నిపుణుల సంఘం పదిహేడు మంది వద్దని, ఒక్కరు కావాలని ఓటేశారు. పద్ధతిగా చేసిందానికే అంత గతి.

అసలు ట్రయల్స్ ఎలా మారాయో చెప్పాలి. పూర్వం ఒక్కో మందుకి ఒక్కో ట్రయల్. సగం మందికి ఉత్తుత్తి మందు. చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి బొమ్మా బొరుసా వేసుకోమన్నట్టు. బోస్టన్‌లో హీలీ సెంటర్ వాళ్ళు 2020లో ప్లాట్‌ఫాం ట్రయల్ మొదలుపెట్టారు. ఒకే గొడుగు కింద చాలా మందులు, ఉత్తుత్తి మందు గుంపు అందరికీ ఉమ్మడి. నలుగురిలో ముగ్గురికి అసలు మందు దొరుకుతుంది. పనిచేయనిది తొందరగా బయటికి, కొత్తది లోపలికి. చాలా మందులు ఇప్పటికే బయటికి వెళ్ళాయి. అది కూడా పనే. పనిచేయదని తెలియడం వల్ల ఇంకో వెయ్యిమంది దాని వెంట పరిగెత్తరు.

ఈ పరిశోధనకి డబ్బెక్కడిది అంటే, 2014లో ఐస్ బకెట్ గుర్తుందా? నెత్తిన మంచునీళ్ళు పోసుకునేవాళ్ళు. ఒక్క అమెరికా సంఘానికే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అది మన హైదరాబాద్ వచ్చేసరికి రైస్ బకెట్ అయింది, ఆకలిగొన్నవాళ్ళకి బియ్యం ఇచ్చే మంచి పనిగా మారింది. చాలా సంతోషం. కానీ జబ్బు పేరు మాత్రం మన దాకా రాలేదు. అందుకే ఈ సభ.

ఇక నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్న దగ్గరికి వస్తున్నాను. ఊపిరి.

ఈ జబ్బులో చివరికి ప్రాణం మీదికి తెచ్చేది ఊపిరి కండలు. ఇంగ్లండులో న్యూకాజిల్ డాక్టర్లు 2006లో ఒక చిన్న ట్రయల్ ప్రచురించారు. 41 మంది. కొందరికి రాత్రిపూట మాస్కు పెట్టి గాలి తోసే మిషను, మనం బైపాప్ అంటాం, కొందరికి లేదు. గొంతు కండలు మరీ దెబ్బతినని వాళ్ళలో ఆ మాస్కు ఆయుష్షుని సుమారు 205 రోజులు పెంచింది. రిలుజోల్ రెండు మూడు నెలలు, మాస్కు దాదాపు ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ తలనొప్పి లేకుండా, నిద్రపోయి లేచే ఏడు నెలలు. మాత్ర గురించి నన్ను అడగని కుటుంబం లేదు. మాస్కు గురించి తమంతట తాము అడిగిన కుటుంబాల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గుర్తులు చెబుతాను. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రెండో దిండు మూడో దిండు కావాలనడం. రాత్రి పీడకలలు, మాటిమాటికీ మెలకువ. పొద్దున లేవగానే తలనొప్పి. పగలు కూర్చున్నచోటే కునుకు. ఇవి వచ్చేదాకా ఆగకుండా మూడు నెలలకోసారి ఊదే పరీక్ష చేయించాలి. ఇంట్లో అయితే చెడుగుడు కూత లాంటిది చేయించండి. గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్ళీ పీల్చకుండా ఒకటి రెండు మూడు లెక్కపెట్టాలి. ఎంతదాకా వచ్చిందో కాలెండరు మీద రాయండి. పోయిన నెల ముప్పయ్యారు, ఈ నెల ఇరవై ఎనిమిది అంటే నాకు ఫోన్ చేయండి. మాట ముద్దగా ఉన్నవాళ్ళలో ఈ లెక్క సరిగా రాదు, వాళ్ళకి ఆసుపత్రి పరీక్షే.

ఒక ప్రమాదం. కోవిడ్ తర్వాత చాలా ఇళ్ళలో ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు మిగిలిపోయాయి. ఆయాసం అనగానే అది తీసి పెడుతున్నారు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని ఆడించే కండ అలిసిపోతుంది. లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. ఆక్సిజన్ ఒక్కటే పెడితే వేలికి పెట్టే మీటర్లో అంకె బాగుంటుంది, మనిషి మాత్రం మత్తులోకి జారిపోవచ్చు. కావలసింది గాలి తోసే మిషను. దయచేసి పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి.

కొత్తదని ప్రతిదీ మంచిది కాదనడానికి ఇక్కడే ఇంకో ఉదాహరణ. ఊపిరి ఆడించే పెద్ద కండ డయాఫ్రమ్‌కి కరెంటు తీగలు పెట్టి ఆడించే పేసర్ ఒకటి వచ్చింది. వినడానికి అద్భుతం. ఇంగ్లండులో ట్రయల్ చేస్తే, మాస్కుతో పాటు పేసర్ పెట్టినవాళ్ళు సగటున 11 నెలలు, మాస్కు ఒక్కటే వాడినవాళ్ళు 22 నెలలకి పైగా బతికారు. మధ్యలోనే ఆపేశారు.

తిండి సంగతి. మనింట్లో ఎవరికైనా పొలమారితే ఏం చేస్తాం? "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తిన తడతాం. ఈ ఇళ్ళలో నెలల తరబడి తడుతూనే ఉంటారు. రోజూ పొలమారుతుంటే అది తలుచుకోవడం కాదు, మింగే కండ జారుతోంది. పలచటివే ఎక్కువ ప్రమాదం, మంచినీళ్ళు, మజ్జిగ, చారు. చిక్కటి రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం దిగుతాయి. గడ్డం కిందికి దించి మింగాలి. తినేటప్పుడు మాట్లాడించకండి, టీవీ కట్టేయండి. బరువు నెలనెలా చూడండి. షుగరని, కొలెస్ట్రాలని నెయ్యి ఆపేయకండి, ఈ జబ్బులో సన్నబడటం మంచిది కాదు. పొట్టకి గొట్టం వేయించే మాటొస్తే ఊపిరి సామర్థ్యం సగానికి పడకముందే వేయించాలి. తర్వాతైతే మత్తు ఇవ్వడమే ప్రమాదం. గొట్టం వేస్తే నోటితో తినకూడదని కాదమ్మా. ఉగాది పచ్చడి నాలిక మీద రాయొచ్చు, ఆవకాయ రుచి చూపించొచ్చు. కడుపు నింపే పని గొట్టం చూసుకుంటుంది.

కారణం లేకుండా పగలబడి నవ్వడం, చావు కబురు విని నవ్వు ఆపుకోలేకపోవడం, చిన్నమాటకి వెక్కి వెక్కి ఏడవడం ఉంటే ఆయనకి మతి పోయిందనుకోకండి. మెదడులో బ్రేకు జారడం అది. దానికి మందులున్నాయి. ఇవాళే నాతో చెప్పండి.

మాట. 2024లో కాలిఫోర్నియా, డేవిస్ విశ్వవిద్యాలయం డాక్టర్లు మాట పోయిన ఒక 45 ఏళ్ళ ఆయన మెదడులో 256 చిన్న ఎలక్ట్రోడ్లు పెట్టారు. ఆయన మాట్లాడాలని ప్రయత్నిస్తే కంప్యూటరు ఆ సంకేతాల్ని ధ్వనులుగా చదివి, మాటలుగా కూర్చి, జబ్బుకి ముందు రికార్డు చేసిన ఆయన గొంతుతోనే పలికింది. వందకి 97 మాటలు సరిగ్గా. మొదటిసారి మాట తెర మీద కనిపించగానే ఆయన ఏడ్చాడట. నేనూ చదువుతూ ఏడ్చాను, నాకు కండక్టరుగారు గుర్తొచ్చారు. ఆ మిషను మన దాకా ఎప్పుడొస్తుందో కానీ, ఆయన సొంత గొంతు ఎక్కణ్ణించి వచ్చింది? పాత రికార్డింగుల నుంచి. ఆ భాగం మన చేతిలో ఉంది. ఇవాళ ఇంటికెళ్ళి ఫోన్‌లో రికార్డు చేయండి. పిల్లల్ని పిలిచే ముద్దుపేర్లు, తిట్లు, అత్తగారి పెళ్ళి కథ, ఏదైనా. మాట తడబడటం మొదలయ్యాక చేద్దామంటే తడబడే గొంతే దాచినట్టవుతుంది.

మాట పోయినవాళ్ళకి ఇదిగో, ఈ చార్టు. ఇది నేను కనిపెట్టింది కాదు. నా పేషెంటు భార్య అంగన్‌వాడీ టీచరు. ఇంగ్లీషు అక్షరాల పలక ఇస్తే ఆయనకి ఇంగ్లీషు రాదు. ఆవిడ సెంటర్లో గోడకున్న అక్షరమాల చార్టు ఇంటికి తెచ్చుకుంది. మన అక్షరాలకి వరస ఉంది కదా, అదే ఉపాయం. "అచ్చులా? కవర్గమా? చవర్గమా?" అని అడుగుతూ పోతుంది, కావలసిన వరస రాగానే ఆయన కళ్ళు పైకెత్తుతాడు. తర్వాత ఆ వరసలో అక్షరాలు. ఒత్తులు, గుణింతాలు వదిలేశారు, ఆవిడ ఊహించుకుంటుంది. మొదటి రోజు ఆయన చెప్పిన అక్షరాలు ప, న, త, గ. "పని తగ్గించనా? ఏం పని?" అని ఆవిడ ఒకటే కంగారు. ఆయన కళ్ళు ఫ్యాను వైపు తిప్పాడు. నాలుగు నెలలుగా ఆ ఫ్యాను ఆయన్ని చలికి వణికిస్తోంది, ఎవరికీ తెలియలేదు.

ప్రశ్నలు అడగండి. ఆ అమ్మాయి, చెప్పమ్మా.

సభలో ఒకరు: మా నాన్నకి, మేనత్తకి ఇద్దరికీ వచ్చింది. నేను పరీక్ష చేయించుకోవాలా?

ముందు నాన్నగారికి జీన్ పరీక్ష చేయిద్దాం తల్లీ. ఆయనలో ఏ తప్పు ఉందో తెలిస్తేనే నీలో వెతకడానికి అర్థం ఉంటుంది. ఉంటే ఆ తప్పు నీకు వచ్చే అవకాశం సగం సగం. తెలుసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. మీ ఆయనది కాదు, అత్తగారిది కాదు. పెళ్ళి సంబంధం వాళ్ళడిగారని చేయించుకోవద్దు. ముందు కౌన్సెలింగ్, తర్వాతే రక్తం. ఒక్కటి చెప్పగలను. పదేళ్ళ కిందటైతే "తెలిసి ఏం చేస్తావు?" అనేవాళ్ళం. ఇప్పుడు సాడ్-1 తప్పు ఉండి ఇంకా జబ్బు రానివాళ్ళ మీద అట్లాస్ అనే ట్రయల్ నడుస్తోంది. వాళ్ళ రక్తంలో న్యూరోఫిలమెంట్ చూస్తూ ఉంటారు. కొన్ని రకాల సాడ్-1లో లక్షణాలకి ఆరు నెలలు, ఏడాది ముందే అది పెరుగుతుంది. పెరగగానే, చెయ్యి ఇంకా బాగుండగానే కొందరికి టోఫర్సెన్, కొందరికి ఉత్తుత్తి మందు మొదలుపెడతారు. సభ అయ్యాక నన్ను విడిగా కలువు.

పెద్దాయన ఏదో రాసిచ్చారు. "చివరికి నన్ను గొట్టాలతో కట్టేయొద్దు. ఎలా చెప్పాలి?" అని.

బాబాయిగారూ, చెప్పే దారి చట్టంలో ఉంది. చివరికి ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితాన్ని లివింగ్ విల్లు అంటారు, దాన్ని సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. 2023లో సులువు చేసింది, మేజిస్ట్రేటు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టొచ్చా వద్దా అన్నది మీరు ఇప్పుడే, మనసు తేటగా ఉన్నప్పుడే రాయండి. పెట్టమన్నా తప్పు లేదు, వద్దన్నా తప్పు లేదు. వద్దంటే వదిలేస్తామని కాదు. ఆయాసానికి కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇస్తాం, ఊపిరాడక కొట్టుకోనివ్వం. ఆ మాట నేను మీకు ఇస్తున్నాను. కొడుకుగారిని కూడా తీసుకుని గురువారం ఓపీకి రండి, కాగితం కలిసి రాద్దాం.

చార్టులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. కింద ఒక వరస ఖాళీగా వదిలాం. దురద, దాహం, దిండు, దోమ, అలాంటి మీ ఇంటి మాటలు రాసుకోవడానికి. పెన్నులు తెచ్చుకున్నారా?